విండోస్ 10 బందయింది, ఇగ ఏది ఎక్కియ్యాలె? పేర్ల లొల్లి, డెస్క్‌టాప్‌ల పోలిక

హన్మకొండ, కాజీపేట, ఎనుమాముల దిక్కు షాపులల్ల, ఆఫీసులల్ల ఇప్పటికీ విండోస్ 10 మీద నడుస్తున్న సిస్టంలు మస్తున్నయ్. 2025 అక్టోబర్ 14 తోని దానికి మామూలు అప్‌డేట్లు బందయినయ్, అప్పటి సంది కంప్యూటర్ పని తెలిసినోడు కనవడితె చాలు అందరు అడిగేది ఒకటే, విండోస్ 11 ఎక్కియ్యాల్నా, లినక్స్‌కు (విండోస్ బదులు కంప్యూటర్ నడిపే ఇంకో సిస్టం) పోవాల్నా, పోతె అండ్ల ఏది. యూట్యూబ్‌ల ఎతికితె దొరికే జవాబు ఏది స్పీడు, ఏది ఫ్రీ, ఏది అందంగ ఉంటది, గంతే. పొద్దుగాల షట్టర్ లేపిన కాడికెళ్లి రాత్రి దాక దాని ముందట కూసునేటోనికి కావాల్సిన ముచ్చట వేరే ఉంది: ఈ స్క్రీను ఎన్నేండ్లు ఇట్లనే ఉంటది, మల్ల ఎప్పుడు మారుస్తరు, మారిస్తె వెనక్కి తెచ్చుకునే దారి ఉంటదా లేదా. నేను గా లెక్కనే పోలుస్త.

ముందుగాల పేర్ల సంగతి తేల్చుకుందాం, ఏది కొత్తదో ఏది పాతదో తెల్వకుంట ఎంచుకునుడు కాదు గదా. మన బతుకమ్మకు తొమ్మిది రోజులు, తొమ్మిది పేర్లు. ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల. అంకె చెప్పకున్నా ఏది ముందో ఏది ఎనకనో ఇక్కడ చిన్న పిల్లకు గూడ తెలుసు, ఎందుకంటె ఏటేటా అదే వరుస. సాఫ్ట్‌వేరోళ్లకు గా వరుస లేదు. విండోస్‌నే చూడుండ్రి, 95, 98 అన్నరు, తర్వాత 2000, ఎక్స్‌పీ, విస్టా అన్నరు, మల్ల 7, 8 అని అంకెలకచ్చిండ్రు, 9 అసలు రానే రాలె, ఆరో నాడు బతుకమ్మ అలిగినట్టు అదీ అలిగింది కావచ్చు, సీదా 10 కు పోయిండ్రు. 10 లోపల వచ్చిన అప్‌డేట్లకు మల్ల వేరే పేర్లు, యానివర్సరీ అప్‌డేట్, క్రియేటర్స్ అప్‌డేట్, ఏప్రిల్ 2018 అప్‌డేట్, ఆఖరికి 20హెచ్2, 22హెచ్2. ఈ ఆఖరి పద్ధతి చూసేటందుకు సక్కగనే ఉంటది, 22హెచ్2 అంటె 2022 రెండో సగం. కాని అండ్ల గూడ ఒక తిరకాసుంది, విండోస్ 10 కూ 22హెచ్2 ఉంది, 11 కూ 22హెచ్2 ఉంది, ఫోన్ల ఎవలన్న 'నాది 22హెచ్2 అన్నా' అంటె సగం ముచ్చటే చెప్పినట్టు.

లినక్స్‌ల మస్తు రకాలున్నయ్, అండ్ల ఒకటైన ఉబుంటుకు ప్రతి వర్షన్‌కు ఒక జంతువు పేరు, ముందట ఒక విశేషణం, రెండూ ఒకటే అక్షరంతోని. 2004ల మొదటిది వార్టీ వార్ట్‌హాగ్, 24.04 నోబుల్ నంబాట్, 25.10 క్వెస్టింగ్ క్వోకా. నంబాట్ అంటె ఆస్ట్రేలియాల చెదలు తినే చిన్న జంతువు, మనం చూసింది లేదు, చూసేది లేదు. 6.06 కెళ్లి అక్షరాల వరుసల పెడుతున్నరు గాని, 2017ల జెస్టీ జాపస్‌తోని జెడ్ అయిపోయి మల్ల 'ఏ' అక్షరం కాడికెళ్లి షురూ చేసిండ్రు, అందుకే 'ఎన్' అక్షరంది 2011ల నాటీ నార్వాల్ ఒకటుంది, 2024ల నోబుల్ ఒకటుంది. పేరు పట్టుకోని నెట్ల ఎతికెటప్పుడు పదేండ్ల కిందటి జవాబు ముందట పడ్డదంటె దాని మీద టైం పెట్టకుండ్రి. ఉబుంటుల చూడాల్సింది అంకె, 24.04 అంటె 2024 ఏప్రిల్. సరిసంఖ్య సంవత్సరం, దాని ఎంబడి 04 ఉంటె అది ఎల్టీఎస్, అంటె ఎక్కువ కాలం నడిచేది, ఐదేండ్లు అప్‌డేట్లొస్తయ్. వేరేవన్నీ తొమ్మిది నెలలే. షాపుకు తొమ్మిది నెలల సరుకు ఎక్కిచ్చెటోడు ఎవ్వడైన ఉంటె వాన్ని ఇంకోసారి పిలువకుండ్రి.

డెబియన్ అనే ఇంకో లినక్స్‌ది ఇంకో తీరు, టాయ్ స్టోరీ సినిమాలున్న బొమ్మల పేర్లు. 2023ల వచ్చిన 12 బుక్‌వార్మ్, 2025 ఆగస్టుల వచ్చిన 13 ట్రిక్సీ. ఈ పేర్లల్ల వరుస అసలే లేదు, ఒక్క సిడ్ మాత్రం ఎన్నటికి మారది, ఎందుకంటె సినిమాల బొమ్మలిరగ్గొట్టే పక్కింటి పోరని పేరది, ఇక్కడ ఇంకా కుదురుకోని సరుకంత దాని కింద పెట్టిండ్రు, గా పేరు మాత్రం భలే కుదిరింది. డెబియన్ వాడేటోళ్లు ఒకటి యాదికి పెట్టుకోవాలె: సాఫ్ట్‌వేర్ యాడికెళ్లి తెచ్చుకోవాలె అని రాసుండే ఫైలుల 'స్టేబుల్' అని ఉంటె, కొత్త వర్షన్ విడుదలైన నాడు మీ సిస్టం అటు దుంకుతందుకు తయారైతది, 'ట్రిక్సీ' అని ఉంటె ట్రిక్సీ మీదనే ఉంటది. రాత్రి మామూలు అప్‌డేట్ కొట్టి పొద్దుగాల చూస్తె స్క్రీనే మారిపోయింది అని లొల్లి పెట్టేటోళ్లల్ల కొందరి కారణం ఇదే.

లినక్స్ మింట్‌కు ఆడోళ్ల పేర్లు, అన్ని 'ఆ'తోని అయిపోతయ్. 2006ల ఆడా. మనకు సుట్టపోళ్ల లెక్క ఇనవడేటియి గూడ ఉన్నయ్, 19 తార, 20.2 ఉమ. ఇప్పటి 22 సిరీస్‌ల విల్మా, షియా, జారా. ఈడ గూడ ఒక గమ్మతుంది, మింట్ లోపల ఉండేది ఉబుంటు ఎల్టీఎస్, బయటి సాఫ్ట్‌వేర్ ఏదన్న ఎక్కియ్యనీకి కోడ్‌నేమ్ అడుగుతె 'విల్మా' అని రాస్తరు, అది ఎర్రర్ కొడ్తది, అక్కడ రాయాల్సింది లోపలున్న ఉబుంటు పేరు, 'నోబుల్'.

ఇగ అంకెల దుంకుడు. లినక్స్ మీద కనవడే డెస్క్‌టాప్‌లల్ల ఒకటైన గ్నోమ్ 3.38 తర్వాత 2021ల సీదా 40 అయింది, ఎందుకంటె 4.0 అంటె అప్పుడే వచ్చిన జీటీకే 4 (గ్నోమ్‌ల కిటికీలు, బటన్లు కట్టేటందుకు వాడే సరుకు) తోని కలగాపులగం అయితది అని. వర్డ్, ఎక్సెల్ లెక్క పని చేసే లిబ్రేఆఫీస్ 7.6 తర్వాత 2024 జనవరి ఆఖర్ల 24.2 అయింది, ఉబుంటు లెక్క సంవత్సరం, నెల. మ్యాక్‌ఓఎస్ 15 కెళ్లి 2025ల ఒక్కసారే 26 కు ఎక్కింది. ఆండ్రాయిడోళ్లు 2019ల 10 తోని మిఠాయి పేర్లు జనంల చెప్పుడే బందు పెట్టిండ్రు. ఇవన్నీ ఎందుకు చెప్తున్ననంటె, అంకె ఎంత దుంకిందో స్క్రీను అంత మారింది అనుకుంటరు, అది ఉత్త ముచ్చట. లిబ్రేఆఫీస్ 7 కెళ్లి 24 కు పోయినా మెనూలు ఉన్నకాడనే ఉన్నయ్. విండోస్ 8 కూ 8.1 కూ నడుమ ఉన్నది ఉత్త పాయింట్ ఒకటి, అండ్లనే మాయమైన స్టార్ట్ బటన్ వాపస్ వచ్చింది. పెట్టె మీద పేరు, అంకె చూసి మీ పనికి ఎంత తేడా పడ్తదో అంచనా కట్టలేరు, ఆ డెస్క్‌టాప్ చేసెటోళ్ల గుణం చూడాలె, ఇంతకు ముందు ఎన్నిసార్లు, ఎట్ల మార్చిండ్రో.

గా చరిత్ర జల్దీ చూద్దాం. 2007ల ఆఫీస్‌ల ఫైల్, ఎడిట్, వ్యూ మెనూలు తీసేసి రిబ్బన్ పెట్టిండ్రు, పాత వర్డ్ 2003 మీద చెయ్యి తిరిగినోళ్లు ప్రతిదీ కొత్తగ ఎతుక్కోవాల్సొచ్చింది. 2008 జనవరిల కేడీఈ అనే ఇంకో లినక్స్ డెస్క్‌టాప్ 4.0 వచ్చింది, 3.5ల ఉన్నయి సగం లేకుంట, జనం తిట్టింది మామూలుగ గాదు. 2010ల ఉబుంటు 10.04ల కిటికీ మూసే బటన్లు కుడి దిక్కుకెళ్లి ఎడమ దిక్కుకు జరిపిండ్రు. ఇది ఇంటెనే చిన్నగుంటది. ఎనుమాముల అడ్తి షాపుల గుమాస్తాను చూడుండ్రి, ఒక దిక్కు రైతు నిలవడి ఉంటడు, కండ్లు తక్‌పట్టీ మీద, నోట్ల లెక్క, చెయ్యి మాత్రం చూడకుంటనే మౌసును పైన కుడి మూలకు పట్కపోయి ఇంటు గుర్తు కొడ్తది. ఆ మూల ఖాళీ అయిందనుకోండ్రి, ప్రతిసారి కండ్లు లెక్కలకెళ్లి స్క్రీనుకు రావాలె, లెక్క మల్ల మొదటికెళ్లి షురూ. 2011ల గ్నోమ్ 3 వచ్చింది, పాత మెనూ లేదు, కిందికి దించే బటన్ గూడ లేదు, అదే ఏడు ఉబుంటు 11.04 యూనిటీ అనే సొంత డెస్క్‌టాప్ తెచ్చింది. లినక్స్ పుట్టిచ్చిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటాయనే గ్నోమ్ 3 ను బహిరంగంగ తిట్టి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్‌కు పోయిండు, తర్వాత మల్ల గ్నోమ్‌కు వాపస్ వచ్చిండనుకోండ్రి. 2012ల విండోస్ 8, స్టార్ట్ బటన్ తీసేసి ఏడాది తర్వాత పెట్టిండ్రు. ఉబుంటు 2017ల యూనిటీని ఇడిసిపెట్టింది, బటన్లు మల్ల కుడి దిక్కుకచ్చినయ్. ఏడేండ్లు అటు, మల్ల ఇటు.

గా కోపంలకెళ్లే రెండు మంచి డెస్క్‌టాప్‌లు పుట్టినయ్, గ్నోమ్ 2 ను ఉన్నదున్నట్టు కాపాడుకునేటందుకు 'మాటే' (MATE) అనేది, పాత తీరు మెనూ, కింద పట్టీ కావాలని మింటోళ్లు చేసుకున్న సిన్నమన్. ఇప్పుడు మనం పోల్చేటప్పుడు ఇది పనికొస్తది, ఎందుకంటె 'మార్చొద్దు' అనేటందుకే పుట్టినయి మార్చుడు తక్కువ.

మొదట విండోస్ 11 ముచ్చట. మీ సిస్టం దానికి పనికొస్తదా చూడుండ్రి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలె, ఇంటెల్ అయితె 8వ జనరేషన్ కెళ్లి పైకి, ర్యామ్ 4 జీబీ అని వాళ్లు రాసిండ్రు గాని 8 లేకుంటె ఎక్కియ్యకుండ్రి. 2017 కంటె ముందు కొన్న సిస్టమైతె ఈడనే ఆగిపోతది. ఏదో తిప్పలు పడి ఆ చెకింగ్ తప్పిచ్చి ఎక్కిస్తమనేటోళ్లున్నరు, ఇంట్ల సినిమాలు చూసే సిస్టంకైతె మీ ఇష్టం, బిల్లులు కొట్టే సిస్టంకు వద్దు.

ఎక్కితె మాత్రం చేతికి తగిలే మార్పులు నాలుగు. స్టార్ట్ బటన్ నడుమకొచ్చింది, టాస్క్‌బార్ సెట్టింగ్స్‌ల అలైన్‌మెంట్ కాడ లెఫ్ట్ అని పెడితె మూలకు పోతది, ఇది సులువు. టాస్క్‌బార్ను పైకి, పక్కకు జరిపే సౌలతు విండోస్ 11 తోని పోయింది, మానిటర్ పక్కన పట్టీ పెట్టుకునే అలవాటున్నోళ్లకు మంట. రైట్ క్లిక్ మెనూ చిన్నగ చేసిండ్రు, కాపీ, పేస్ట్ ఉత్త బొమ్మలైనయ్, పాత మెనూ కావాలంటె షిఫ్ట్ ఒత్తి పట్టుకోని రైట్ క్లిక్ కొట్టాలె, 24హెచ్2ల ఆ బొమ్మల కింద అక్షరాలు పెట్టిండ్రు. ఇంకొకటి, నా లెక్కల అన్నిటికంటె అన్యాలమైంది, 2021ల వచ్చినప్పుడు టాస్క్‌బార్ మీద కిటికీల పేర్లు తీసేసుడు. సుబేదారి కోర్టు దగ్గెర డీటీపీ షాపుల ఒక్కటే టైంల పిటిషన్, అఫిడవిట్, వకాలత్‌నామా మూడు వర్డ్ ఫైళ్లు తెరిసి ఉంటయ్, వకీలు ఎనుక నిలవడి జల్దీ జల్దీ అంటుంటడు. కింద పట్టీ మీద పేర్లుంటె చూసి కొడ్తరు, ఒకటే బొమ్మ కింద మూడు దాసిపెడితె దాని మీద మౌసు పెట్టి, ఆగి, బుజ్జి బుజ్జి బొమ్మలల్ల ఏది ఏదో గుర్తుపట్టాలె, అన్ని తెల్ల కాయితాలే. 2023ల ఆ సౌలతు వాపస్ ఇచ్చిండ్రు, టాస్క్‌బార్ బిహేవియర్స్‌ల 'కంబైన్' కాడ నెవర్ అని పెట్టుకోండ్రి, ఎక్కిచ్చినంక మొదలు చేసే పని ఇదే కావాలె.

లినక్స్‌కు అసలే పోవద్దనేటోళ్లు కొందరున్నరు, వాళ్లకు సీదా చెప్త. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లతోని పెండ్లి పత్రికలు, కరపత్రాలు కొట్టేటోళ్లు. ట్యాలీ మీద ఖాతాలు నడిపేటోళ్లు. మీసేవ లెక్క వేలిముద్ర మిషన్, డిజిటల్ సంతకం టోకెన్ పెట్టి పని చేసేటోళ్లు. ఈ సరుకంత విండోస్‌ను నమ్ముకోని ఉంది. వైన్‌ల (లినక్స్ మీద విండోస్ సాఫ్ట్‌వేర్ నడిపే టూల్) నడుస్తది, వర్చువల్ మిషన్ల నడుస్తది అని ఎన్‌ఐటీ పిల్లగాండ్లు చెప్తరు, వాళ్లకు నడుస్తది, పత్రిక రేపే అచ్చుకు పోవాల్నంటె మీకు నడవది. వీళ్లు సిస్టం కొత్తదైతె విండోస్ 11 కు పోవాలె, పాతదైతె విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్ల స్కీముల చేరాలె, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ సింక్ చేసుకుంటె పైసల్లేకుంట దొరుకుతది. అదీ 2026 అక్టోబర్ 13 దాకనే. దాని తర్వాత గూడ పేజ్‌మేకర్ సిస్టం పాతదే నడపాలనుకుంటె నెట్ తీగ పీకేసి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తోని అటిటు చేసుకోండ్రి, మెయిలు, వాట్సాప్ ఇంకో సిస్టంల.

మిగిలినోళ్లకు, అంటె బ్రౌజర్, టైపింగ్, లెక్కల షీట్లు, ప్రింట్లు, సినిమాలు, గంతే పని ఉన్నోళ్లకు, నా ఓటు మింట్ సిన్నమన్. కింద పట్టీ, ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం, ఇంటు గుర్తు పైన కుడి దిక్కు, విండోస్ 7 వాడినోనికి చెప్పనే అవసరం లేదు. 22 సిరీస్‌కు 2029 దాక అప్‌డేట్లుంటయ్, సిరీస్ లోపల విల్మా కెళ్లి జారాకు పోయినా చేతికి తెలిసే తేడా శానా తక్కువ. 4 జీబీ ర్యామ్ సిస్టంకు ఎక్కుతది గాని 8 ఉంటె హాయి. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ ఎయ్యుండ్రి, ఏ డెస్క్‌టాప్ ఎంచుకున్నా దాని కంటె దీనితోనే ఎక్కువ ఫరక్ పడ్తది.

4 జీబీ ర్యామ్, పదేండ్ల పాత డబ్బా అయితె ఎక్స్‌ఎఫ్‌సీఈ, మింట్లనే ఆ రకం వేరేగ దొరుకుతది. దీని గుణం నాకు మస్తు ఇష్టం. 4.18 వచ్చింది 2022 డిసెంబర్ల, 4.20 వచ్చింది 2024 డిసెంబర్ల, రెండేండ్లకు ఒకసారి, అప్పుడు గూడ ఏం మారిందో ఎతుక్కోవాల్సిందే. చూడనీకి పాతగుంటది, నిజమే. రిటైర్డ్ సారు ఇంట్ల పెన్షన్ కాయితాలు, మనుమండ్ల ఫోటోలు చూసుకునేటందుకు ఇంకేం కావాలె. మాటే గూడ ఇంచుమించు గదే తీరు, ఉబుంటు పాత రోజులు యాదున్నోళ్లకు అది నచ్చుతది.

కేడీఈ ప్లాస్మా వేరే రకం. 2024 ఫిబ్రవరిల ప్లాస్మా 6 వచ్చింది, చూడనీకి ఎక్కిచ్చిన కాడికెళ్లి విండోస్ లెక్కనే ఉంటది, పైంగ ఏదైన మార్చుకోవచ్చు, బటన్లు ఎడమకు, కుడికి, పట్టీ పైకి, పక్కకు, అన్ని. 2008 నాటి గొడవ తర్వాత వాళ్లు బాగనే నేర్చుకున్నరు, కొత్తది తెచ్చినా పాతది పెట్టుకునే బటన్ శానసార్లు ఇస్తరు. ప్లాస్మా 5ల ఒక్క క్లిక్కుకే ఫైల్ తెరుసుకునేది, 6ల డబుల్ క్లిక్ చేసిండ్రు, పాత తీరు కావాల్సినోళ్లు సెట్టింగ్స్‌ల మార్చుకోవచ్చు, గట్ల. ఇబ్బంది ఏందంటె ఇన్ని సెట్టింగులు ఉన్నకాడ నలుగురు కూసునే సిస్టం పెట్టొద్దు, పొద్దున షిఫ్ట్ పిల్లగాడు పట్టీ పట్టుకోని పైకి గుంజుతడు, మాపటి పిల్ల వచ్చి సిస్టం ఖరాబైందని ఫోన్ చేస్తది. సొంత ల్యాప్‌టాప్, గెలుక్కునే శౌకు ఉన్నోళ్లకు దీని మించింది లేదు.

గ్నోమ్ గురించి మా దోస్తులతోని నాకు ఎప్పటికీ పంచాయితే. ల్యాప్‌టాప్ మీద, టచ్‌ప్యాడ్‌తోని, ఒక్కొక్క పని నిండు స్క్రీనుల చేసుకునే అలవాటున్నోళ్లకు అది నిజంగ బాగుంటది, సాఫుగ ఉంటది, నేను కాదనను. ఆర్నెల్లకొకటి, మార్చిల, సెప్టెంబర్ల కొత్తది వస్తది, వాళ్ల సభలు జరిగిన ఊర్ల పేర్లు పెడతరు, 46 ఖాట్మండు, 48 బెంగళూరు. కాని ఉత్త గ్నోమ్‌ల కిటికీ కిందికి దించే బటన్ ఇప్పటికీ ఉండది, కావాలంటె వేరే టూల్ తోని పెట్టుకోవాలె, కింద పట్టీ కావాలంటె ఎక్స్‌టెన్షన్, అంటె పైనుంచి తగిలిచ్చే చిన్న సాఫ్ట్‌వేర్, ఎయ్యాలె, ఆ ఎక్స్‌టెన్షన్లేమో కొత్త వర్షన్ వచ్చినప్పుడల్ల తెగిపోతుంటయ్, 45 అప్పుడైతె అన్నిటిని తిరిగి రాసుకోవాల్సొచ్చింది. మీకు నచ్చేటట్టు నాలుగు ఎక్స్‌టెన్షన్లు ఎయ్యాల్సొస్తె గ్నోమ్ మీది గాదు, ఇడిసిపెట్టుండ్రి. ఉబుంటు 24.04ల అయితె పక్కకు డాక్, పైన మూడు బటన్లు వాళ్లే పెట్టిస్తరు కాబట్టి జర నయం, కాలేజీ పిల్లలకు అది చాలు, కోర్సుల చెప్పే కమాండ్లు గూడ ఎక్కువ ఉబుంటు మీదనే ఉంటయ్.

ఆఫీస్ సంగతి ఒక్క మాట. లిబ్రేఆఫీస్ ఎక్కియ్యంగనే పాత తీరు మెనూలతోని వస్తది, వర్డ్ 2003 చేతులకు అదే హాయి. రిబ్బన్ అలవాటైన పిల్లలకు వ్యూ మెనూల యూజర్ ఇంటర్‌ఫేస్ కాడ ట్యాబ్డ్ అని పెడితె రిబ్బన్ తీరుగ మారుతది. ఒకటే సిస్టం మీద ఇద్దరికి రెండు లాగిన్‌లు చేసి చెరొక తీరు ఇయ్యొచ్చు. తెలుగు టైపింగ్ యూనికోడ్ల అయితె ఇన్‌స్క్రిప్ట్ అన్నిట్ల ఉంటది, అను కీబోర్డు మీద చెయ్యి తిరిగినోళ్ల ముచ్చట పైన చెప్పిననే గదా.

ఏది ఎంచుకున్నా మార్చేది ఎప్పుడు అనేది గూడ చూసుకోవాలె. అడ్తి షాపోళ్లు ఫిబ్రవరి, మార్చిల మిర్చి బస్తాలు మార్కెట్‌కు వరుసపెట్టి వచ్చేటప్పుడు సిస్టం ముట్టుకోకుండ్రి, పత్రికలు కొట్టేటోళ్లు పెండ్లి ముహూర్తాలప్పుడు ముట్టుకోకుండ్రి. కొత్త ఎల్టీఎస్ వచ్చిన నాడే గూడ ఉరుకొద్దు, ఉబుంటోళ్లు పాత ఎల్టీఎస్ ఉన్నోళ్లకు అప్‌గ్రేడ్ చూపిచ్చేదే మొదటి పాయింట్ రిలీజ్ (తప్పులు సర్ది మల్ల ఇచ్చేది) వచ్చినంక, అంటె ఆగస్టు దిక్కు, మీరు గూడ అప్పటిదాక ఆగుండ్రి.

ఎక్కిచ్చే ముందు పెన్‌డ్రైవ్ మీద మింట్ పెట్టి, డిస్కుకు ఏం చెయ్యకుంట దానికెళ్లే సిస్టం లేపుండ్రి. పని చేసే మనిషినే కూసోపెట్టుండ్రి, ఓనర్ను గాదు. వైఫై పట్టుకుంటదా, స్కానర్ కనవడ్తదా, తెలుగు అక్షరాలు సక్కగ వస్తున్నయా చూపిచ్చుండ్రి, అన్నిటికంటె ముందు ప్రింటర్ తగిలిచ్చి ఒక కాయితం కొట్టిచ్చుండ్రి, ఎందుకంటె మన దిక్కు జిరాక్స్ షాపులల్ల ఉండే చిన్న లేజర్ ప్రింటర్లల్ల కొన్నిటికి లినక్స్‌ల డ్రైవర్ తిప్పలుంటది. పెన్‌డ్రైవ్ మీద కాయితం రాకుంటె ముందుగాల ఆ ప్రింటర్ మోడల్‌కు డ్రైవర్ దొరుకుతదా ఎతుకుండ్రి, దొరకకపోతె ఆ షాపుకు విండోసే ఉండనియ్యుండ్రి.